గౌస్ జీపు అడిగిన రోజు

చాలా ఏళ్లుగా ఒక సంగతి నా గొంతులో చేప ముల్లులా దిగబడి ఉంది. మింగలేను, కక్కలేను. ఎవరైనా నన్ను మంచివాడు అన్నప్పుడు మరీ గుచ్చుతుంది. విచిత్రం ఏమిటంటే, నన్ను మంచివాడని అందరికంటే ఎక్కువగా చెప్పినవాడు, నేను అన్యాయం చేసిన మనిషే. నా భార్యకి చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైలు మొదలైన కాలం. విశాఖపట్నంలో, పోర్టులో గుమస్తాగా ఉండేవాణ్ణి. పాత ఊళ్లో ఒక సందులో అద్దె ఇల్లు. ఇంటి పక్కన కాస్త మట్టి పెరడు, దానిలో ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో నా జీపు.

మిలటరీవాళ్లు పనికిరాదని వేలం వేసిన పాత జీపు అది. లారీ వెనక తాడు కట్టి లాక్కొచ్చాం. ఇంజన్ తిరగదు, బ్రేకులు లేవు, అడుగు రేకంతా తుప్పు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను మెకానిక్‌ని కాను. చెడగొట్టి, బాగుచేసి, మళ్లీ చెడగొట్టి నేర్చుకున్నాను. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే బట్టలు మార్చుకుని దాని కింద దూరేవాణ్ణి. ఆఫీసులో నేనంటే ఎవరికీ లెక్కలేదు. ఫైలు అందించే చెయ్యిని, అంతే. జీపు కింద వెల్లకిలా పడుకుని, మొహం మీద గ్రీజు కారుతున్నప్పుడు మాత్రం నేనొక మనిషిని అనిపించేది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ జీపు నాకు ఎంత ముఖ్యమైపోయిందో మీకు తెలియాలని చెబుతున్నాను.

గోడ అవతల గౌస్ ఇల్లు. లారీలకి టార్పాలిన్లు కుట్టేవాడు. నా ఈడువాడే. నన్ను బావ అనేవాడు, నేను గౌసూ అనేవాణ్ణి. జీపుకి సీట్లు, పైన గుడ్డ టాపు అతనే కుట్టాడు. అతనికి తల్లి చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. ఆవిడని అతను ఆపా అనేవాడు, సందులో అందరమూ ఆపా అనేవాళ్లం. ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని వక్కలు కత్తిరిస్తూ నా పని చూసేది. పెరటి గోడ పొట్టిది, అక్కణ్ణుంచి అంతా కనబడుతుంది. రోజూ ఒకే ప్రశ్న. "ఏటి తమ్ముడూ, నీ రోగి ఇయ్యాలైనా లేసినాడా?" నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆవిడ నవ్వేది.

ఆఫీసులోనూ నవ్వేవారు. ఆ నవ్వు వేరు. మా సెక్షన్ ఆఫీసరైతే అందరి ముందూ అడిగేవాడు, జీపు ఎప్పుడు కదులుతుందోయ్, నేను రిటైరయ్యాకా అని. ఆ మాటలు పడీ పడీ ఒకరోజు నోరు జారాను. వచ్చే ఆదివారం మిమ్మల్ని అనంతగిరి ఘాటు ఎక్కిస్తాను, రండి అన్నాను. ఆయన సరే అన్నాడు. ఇంకో ఇద్దరు మేమూ వస్తామన్నారు.

ఆ వారమంతా పెరట్లోనే ఉన్నాను. కొత్త పిస్టన్ రింగులు వేశాను. ఇంజన్ తలకాయ కింద గాలి, నీళ్లు కారకుండా ఆపే పల్చటి గాస్కెట్ కొత్తది పెట్టి బిగించాను. శనివారం ఒంటిపూట ఆఫీసు. వచ్చి సెల్ఫ్ నొక్కితే ఇంజన్ అందుకుంది. బీచ్ రోడ్డు దాకా వెళ్లి వచ్చాను. ఎక్కడా తడబడలేదు. సందులోకి తిరిగేసరికి ఆపా గుమ్మంలో ఉంది. "నీ రోగి పరిగెడతన్నాడు తమ్ముడూ" అంది. నేను హారన్ కొట్టాను. గౌస్ అప్పుడు ఇంట్లో లేడు. పనిమీద గాజువాక వెళ్లాడు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లి ఉంది. సందులో మిగతావాళ్లు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. బండి తిరగడం చూసింది ఆపా ఒక్కతే.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం మరిచిపోలేకపోయాను.

కాసేపటికి వాన పట్టుకుంది. సముద్రం మీద వాయుగుండం ఉందని రేడియోలో చెబుతూనే ఉన్నారు. మా సందు పల్లం. ఎగువ నీళ్లన్నీ మా మీదుగానే హార్బరు వైపు పోవాలి. చీకటి పడకముందే వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నేను షెడ్డులో జీపు తుడుచుకుంటున్నాను. గాజువాక నుంచి అప్పుడే ఇల్లు చేరిన గౌస్ వచ్చాడు. లుంగీ పైకి కట్టి, తల మీద నుంచి నీళ్లు కారుతూ.

"బావ, జీపు తియ్యి. ఆపా పడిపోనాది."

"ఏటయింది?"

"తెల్దు బావ. పొయ్యి కాడ కూకున్నది కూకున్నట్టే ఒరిగిపోనాది. మూతి వంకరపోనాది. సెయ్యి లేవటం నేదు. పెద్దాసుపత్రికి తీసుకెల్లాల. ఈ నీటిలో రిచ్చాలోడు రానంటన్నాడు."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎంతసేపు? ఒక ఊపిరి తీసి వదిలినంత సేపేమో. ఆ కాసేపట్లో నా బుర్రలో ఏం తిరిగిందో నాకు బాగా తెలుసు. తెలియదని అబద్ధమాడను. వీధిలో నీళ్లు ఇంజన్‌లోకి పోతే? రింగులు ఇంకా సర్దుకోలేదు కదా? ఆసుపత్రి ఎత్తు ఎక్కేటప్పుడు ఏదైనా పోతే? రేపు పొద్దున్నే ఆఫీసరు వస్తాడు. మళ్లీ నవ్వుతాడు. ఇవీ నా ఆలోచనలు. ఒక మనిషి పడిపోయింది, నాకు ఆఫీసరు నవ్వు వినబడింది. నీళ్లలో, బురదలో నడవడానికే పుట్టిన బండి అది. దాన్ని నీళ్లలోకి దింపడానికి నేను భయపడ్డాను.

"బండి నడవదు గౌసూ" అన్నాను. "మజ్జానమే గాస్కెట్ పోనాది. ఇంజన్ అందుకోటం నేదు."

అతను జీపు వంక చూశాడు. తర్వాత నా వంక. "అయ్యో. ఇంత కష్టపడ్డావు, ఇయ్యాలే పోవాలా బావ" అన్నాడు.

నన్ను ఓదార్చాడు. ఆ స్థితిలో ఉండి నన్ను ఓదార్చాడు.

అప్పుడైనా నోరు తెరవొచ్చు. ఉండు, ఇంకోసారి చూస్తాను అని తాళం తిప్పి సెల్ఫ్ నొక్కితే చాలు. అబద్ధం కూడా బయటపడేది కాదు. ఈ మాట నాకు ఆ క్షణంలోనే తట్టింది. అయినా తిప్పలేదు. ఎందుకు తిప్పలేదు? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నది అదే. అబద్ధం నోటినుంచి వచ్చేశాక దానివైపే నిలబడిపోయాను, అంతకుమించి నాకు జవాబు దొరకలేదు.

సందు చివర సముద్రంలో వేటకెళ్లే వాళ్ల ఇల్లుంది. వాళ్లు చేపలమ్మే తోపుడు బండి ఇచ్చారు. దాని మీద పరుపు వేసి ఆపాని పడుకోబెట్టి, గౌస్ కుట్టిన టార్పాలిన్ కప్పి తోసుకుంటూ బయలుదేరాం. నేనూ వెళ్లాను. వెళ్లడమేమిటి, అందరికంటే గట్టిగా నేనే తోశాను. నీళ్లలో చక్రం గోతిలో పడితే భుజం పెట్టి లేపాను. అరికాలిలో గాజుపెంకు దిగినా ఆగలేదు. ఆసుపత్రి ఎత్తు దగ్గర మిగతావాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆగొద్దు, తొయ్యండి అని అరిచాను. ఆపా మొహం మీద టార్పాలిన్ తొలగింది. ఒక కన్ను తెరిచి ఉంది. నేను చక్రాల వంక చూస్తూ తోశాను.

ఆవిడ బతికింది. వార్డు బయట గౌస్ వచ్చి చెప్పాడు, ప్రాణానికి ఫరవాలేదట, కుడివైపు పడిపోయిందట, మాట ఇక రాకపోవచ్చట. నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే నీచమైన సంగతి. రాయకుండా వదిలేద్దామనుకున్నాను. మాట రాదని విన్నప్పుడు నాకు ఊరట కలిగింది. అవును, ఊరటే. బండి తిరగడం చూసిన మనిషి ఇక ఎవరికీ చెప్పే వీలు లేదని. ఒక్క క్షణమే. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ ఆ ఒక్క క్షణం ఉంది. అది నాదే.

ఆదివారం తెల్లవారేసరికి వాన తగ్గింది. ఆఫీసరు వచ్చే లోపల షెడ్డులోకి వెళ్లాను. స్పానర్లు తీసి ఇంజన్ తలకాయ విప్పాను. కొత్త గాస్కెట్, ఎక్కడా మచ్చలేదు. దాన్ని కత్తితో కోసి, మసి పూసి, కాలిపోయినట్టు చేశాను. నేను చెప్పిన అబద్ధాన్ని నా చేతులతో నిజం చేసుకున్నాను. ఇంతకాలం దాన్ని బాగుచేసిన చేతులే. ఆఫీసరు శుభ్రమైన తెల్ల ప్యాంటు వేసుకుని, ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. విప్పి ఉన్న ఇంజన్ చూసి పెద్దగా నవ్వాడు. ఏ నవ్వుకి భయపడి బండి నడవదన్నానో, ఆ నవ్వు ఎలాగూ తప్పలేదు. అనంతగిరి ఎవరమూ వెళ్లలేదు.

తర్వాత ఆ ఇంజన్‌ని అలాగే వదిలేశాను. దాని దగ్గరికి పోబుద్ధి కాలేదు. ఆపాని ఇంటికి తెచ్చిన కొద్దిరోజులకి, ఒక సాయంత్రం గౌసే షెడ్డులోకి వచ్చాడు.

"ఏటి బావ, ఇలాగ ఒగ్గేసినావ్? రా, బాగు సేసేద్దాం."

"ఇప్పుడెందుకులే గౌసూ."

"ఎందుకంటావేటి? బండి బాగుంటే ఆ రోజు నువ్వు ఆగేవోడివా? నాకు తెల్దా? రేపు ఇంకెవులికో అవసరం పడతాది."

అని లుంగీ ఎగగట్టి కింద కూర్చున్నాడు. కిరసనాయిలు డబ్బాలో నట్లు వేసి ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టాడు. నేను కోసేసిన గాస్కెట్‌ని చేతిలోకి తీసుకుని, ఇదేనా పోనాది అని అడిగాడు. అవునన్నాను. దాన్ని పక్కన పడేసి మళ్లీ కడగసాగాడు. కొన్ని సాయంత్రాలు అలా వచ్చాడు. ఎదురెదురుగా కూర్చుని, చెడిపోని బండిని ఇద్దరం కలిసి బాగుచేశాం. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వెయ్యలేరు అనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, శిక్ష అనుకోవడం కూడా నన్ను నేను గొప్పచేసుకోవడమే. అతను పని చేశాడు, నేను చేయించుకున్నాను. జరిగింది అది.

సందంతా నన్ను మెచ్చుకుంది. వానలో కాలు కోసుకుపోయినా బండి తోసిన మనిషి అని గౌస్ కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. పెళ్లిళ్లలో కూడా చెప్పేవాడు. నేను తలవంచుకునేవాణ్ణి. అణకువ అనుకునేవారు.

ఆపా మంచం వాకిట్లో వేసేవారు. నేను జీపు తీసినప్పుడల్లా, ఇంజన్ చప్పుడు వినగానే ఆవిడ ఎడమచేత్తో మంచం పట్టెని కొట్టేది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చేది. ఆపాకి నీ బండంటే సరదా బావ అనేవాడు గౌస్. సరదాయేనా? కోపమా? చెప్పాలని ఆరాటమా? ఆవిడ కళ్లలోకి చూస్తే తెలిసేదేమో. నేను చూడలేదు. పలకరించడానికి వెళ్లినా మంచం కాళ్ల వైపే నిలబడేవాణ్ణి. తర్వాత్తర్వాత జీపుని సందు చివరిదాకా తోసుకుపోయి అక్కడ స్టార్ట్ చేసేవాణ్ణి. చివరికి ఆనందపురంలో కూరగాయల వ్యాపారి ఒకతనికి అమ్మేశాను. చేతులారా నిలబెట్టుకున్న బండి అమ్ముకున్నావేటి బావ అని గౌస్ చాలా రోజులు బాధపడ్డాడు.

ఆపా మరికొన్నేళ్లు ఆ మంచం మీదే ఉండి చనిపోయింది. ఆవిడని ఖననానికి తీసుకెళ్లేటప్పుడు నాకూ భుజం పట్టే చోటు ఇచ్చారు. పట్టాను.

ఒకసారి తెలిసిన డాక్టరుని ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. ఆ రోజుల్లో తొందరగా తీసుకెళ్లినా పెద్దగా చెయ్యగలిగింది లేదండీ అన్నాడు. ఆ మాట పట్టుకుని కొంతకాలం గడిపాను. తర్వాత అది కూడా చేతిలో నిలవలేదు. గౌస్ అడిగినప్పుడు నాకు ఆ సంగతి తెలియదు కదా. తెలియకుండానే కాదన్నాను.

గౌస్ ఉన్నాడు. పెందుర్తి వైపు ఇల్లు కట్టుకున్నాడు. కనబడితే ఇప్పటికీ బావ అంటాడు. ఒకసారి చెబుదామని వెళ్లాను. టీ తెచ్చాడు. నా మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు. టీ తాగి లేచి వచ్చేశాను. చెబితే అతనికున్న ఒక మంచి జ్ఞాపకం పోతుందని నాకు నేను నచ్చజెప్పుకుంటాను. అది సాకు. పోతుందని నేను భయపడేది నా గురించి అతను అనుకునే మంచి.

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ దగ్గర లేదు. క్షమించగలిగినవాళ్లలో ఒకరు పోయారు, ఒకరికి ఇంకా తెలియదు. ఒక్క మనిషికైనా జరిగింది జరిగినట్టు తెలిసి ఉండాలనిపించింది, అంతే. ఇన్ని పేజీలు తిరిగి వచ్చాను గానీ చెప్పాల్సింది రెండు ముక్కలే. వాటిని ఇంతవరకు నా నోటితో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు రాస్తూ పైకి అంటున్నాను.

ఆ రోజు బండి బాగానే ఉంది గౌసూ. నేనే తియ్యలేదు.