మా ఎగిరే కండక్టరు గురించి జనం ఏమన్నారంటే

సినిమావాళ్ళకి దేవుడి మీద ఎంత నమ్మకముందో చెప్పలేను గానీ, పబ్లిక్ టాక్ మీద మాత్రం గట్టి నమ్మకం. మొదటి ఆట వదిలే వేళకి మొహానికి రుమాలు కట్టుకుని, హాలు బయట స్కూటర్ల స్టాండు దగ్గర నిలబడి, బయటికొచ్చేవాళ్ళ మాటలు చెవులు రిక్కించి వినడం మా దర్శకుడికి పాత అలవాటు. ఆయన సినిమాలు మూడు ఆడలేదు. ఆ సంగతి రుమాలు పుణ్యమా అని ఆయనకే అందరికన్నా ముందు తెలిసిందట. తర్వాత టీవీకి వచ్చాడు. టీవీకి హాలు లేదు, స్టాండు లేదు, రుమాలు కట్టుకుని ఎక్కడ నిలబడాలో పాపం ఆయనకి తెలీదు. ఆ బాధ తీర్చే పని నా నెత్తిన పడింది.

నేను ఆయన తీసే సీరియల్‌కి రచయిత్రిని. అంతకుముందు పదిహేనేళ్ళు వేరేవాళ్ళ పేర్ల మీద రాశాను. ఫిల్మ్‌నగర్‌లో ఆ పని చేసేవాళ్ళని ఘోస్టులంటారు. దయ్యాలకి టైటిల్స్‌లో పేర్లు పడవు. నలభై నాలుగో ఏట, మొదటిసారి, నా పేరు తెర మీద నాలుగు సెకన్లు పడింది. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నదాన్ని లేచి నిలబడి చూశాను, జాతీయగీతం వస్తున్నట్టు.

కథ నాదే. సిటీ బస్సులో ఓ కండక్టరమ్మాయి. ఊళ్ళో ఎక్కడ ఎవరు ఆపదలో కేక వేసినా ఆమెకి వినబడుతుంది. వినబడగానే ఊదారంగు డ్రెస్సేసుకుని, భుజాల వెనక చున్నీలాంటి గుడ్డ రెపరెపలాడుతుండగా ఎగిరిపోయి కాపాడుతుంది. శనివారం సాయంత్రం ఏడున్నరకి, వారానికో ఎపిసోడు. ఛానల్ పెట్టిన షరతు ఒకటే. ఆరు వారాలు చూస్తారు. ఆడవాళ్ళకి నచ్చిందా, సరే. లేదా, ఏడో ఎపిసోడులో ఆమెకి పెళ్ళి. తాళి కట్టగానే శక్తులు పోతాయి. అక్కణ్ణించి అత్తా కోడళ్ళ కథ, దానికి వేరే రచయితని కూడా చూసి పెట్టుకున్నారు. అంటే ఒకే ముహూర్తానికి ఆమె శక్తులూ నా పేరూ రెండూ పోతాయన్నమాట.

మొదటి ఎపిసోడు వచ్చిన మర్నాడు దర్శకుడు నన్ను జూబ్లీ హిల్స్ ఆఫీసుకి పిలిచి, జనంలోకి వెళ్ళి ఫోన్లో వాళ్ళ మాటలు రికార్డు చేసుకు రమ్మన్నాడు. ఏ జనం అని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆఫీసు నుంచి కొండ దిగితే దగ్గరగా ఉన్న జనం కృష్ణానగర్‌లో ఉంటారు. అక్కడికే వెళ్ళాను. పదిహేనేళ్ళు ఈ పరిశ్రమలో ఉండి ఆ తప్పు చేసినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

టీ కొట్టు దగ్గర ఫోను పైకెత్తి, రాత్రి సీరియల్ చూశారా అని అడిగానో లేదో, పదిమంది మూగారు. మొదటతను మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, గొంతు సవరించుకుని, ఒక్క ఎడమ కంటి నుంచే నీళ్ళు కార్చాడు. తన చెల్లెలు గుర్తొచ్చిందన్నాడు. తెల్లగడ్డం పెద్దాయన ఒకరు చెయ్యెత్తి, ఇలాంటి ఆడపిల్ల ఇంటికొకరు పుట్టాలని దీవించాడు. ఇంకో ముప్ఫై ఏళ్ళ మనిషి పిడికిలి బిగించి, ఒక మామూలు ప్రేక్షకుడిగా చెబుతున్నాను అంటూ మొదలెట్టి, ఆ బస్సు లోయలో పడబోయే సీనులో తన ప్రాణమే పోయినంత పనైందన్నాడు. నా ఒళ్ళు పులకరించింది. కాకిపిల్ల కాకికి ముద్దు, ముద్దొచ్చినప్పుడు కాకికి బుర్ర పనిచెయ్యదు. మాట్లాడబోయే ముందు ఒకాయన "మేడమ్, పాజిటివ్ కావాలా, నెగటివ్ కావాలా? రెండూ చేస్తాను" అన్నప్పుడైనా నాకు వెలగలేదు.

ఆఫీసులో పెద్ద టీవీ మీద అందరం చూశాం. దర్శకుడి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎడిటర్ మాత్రం మామూలు ప్రేక్షకుడి దగ్గర ఆపి, మా ఎపిసోడు తీసి, బస్సు సీను దగ్గర ఆపాడు. కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తున్న ప్రయాణికుడు అతనే. చొక్కా కూడా అదే. ప్రాణం పోయినంత పనైందంటే మరి కాదూ, ఆ సీను నాలుగుసార్లు తీశాం. గడ్డం పెద్దాయన గ్రామపెద్ద వేషాల కోసమే ఆ గడ్డం పెంచుతున్నాడని అప్పుడు మేకప్పాయన చెప్పాడు. నేను కెమెరా పట్టుకుని వెళ్ళింది నటులుండే సందుల్లోకి. వాళ్ళు నా ఫోనుని ఆడిషన్ అనుకున్నారు. తప్పు వాళ్ళది కాదు.

దర్శకుడు చాలాసేపు గడ్డం గోక్కుని, "బాగానే చేశాడండీ" అన్నాడు. ఎడమ కంటితో ఏడ్చినతనికి మూడోవారం డిపో మేనేజరు వేషం దొరికింది.

అసలు జనం ఏమనుకుంటున్నారో ఛానల్ ఆయన నాలుగో ఎపిసోడు తర్వాత చెప్పాడు. చూసేవాళ్ళు వారం వారం తగ్గుతున్నారట, అందులోనూ ఆడవాళ్ళు. ఆయన కోపంగా కూడా చెప్పలేదు. మంచి డాక్టరు చెడ్డ కబురు చెప్పినట్టు మెల్లగా చెప్పి, పెళ్ళి సీనుకి ఫంక్షన్ హాలు మాట్లాడి పెట్టుకోమన్నాడు. నేను ఆయన మీద ఎగిరాను. ఆడదానికి తాళి కట్టగానే శక్తులు పోతాయని ఏ శాస్త్రంలో ఉందని అడిగాను. ఆయన నొచ్చుకోకుండా, శాస్త్రం సంగతి తెలీదు గానీ టీవీలో అంతేనన్నాడు. చివరికి దర్శకుడు మధ్యలో పడి ఒక రాజీ కుదిర్చాడు. నిఖార్సైన ఆడవాళ్ళ మాటలు సోమవారానికి నేను పట్టుకురావాలి. శక్తులు ఉండాల్సిందేనని వాళ్ళంటే దర్శకుడు నా వైపు నిలబడతాడు. లేకపోతే సన్నాయి మేళమే.

నిఖార్సైన ఆడవాళ్ళు మా ఇంటి కిందే ఉన్నారు. మోతీనగర్‌లో నేను పై వాటాలో కిరాయికుంటాను. కింద ఇంటామె, ఆమె పిండి గిర్ని. అరవై దాటిన మనిషి. ఇరవై కిలోల గోధుమ బస్తా ఒంటిచేత్తో జరుపుతుంది. శనివారాలు ఏడింటికి గిర్ని ఆపి, కనుబొమల మీద పిండి అలాగే ఉండగా టీవీ ముందు కూర్చుంటుంది. ఎదురింటి జాకెట్లు కుట్టే ఆవిడా, పక్క సందు టీచరమ్మా వచ్చి చేరతారు. నేనేదో సినిమా ఆఫీసులో పనిచేస్తానని తప్ప ఆ సీరియల్ నాదని వాళ్ళకి తెలీదు. తెర మీద నా పేరు పడే నాలుగు సెకన్లూ వాళ్ళు చాపలు సర్దుకునే సమయం. తెలిస్తే మొహమాటపడతారని నేనే చెప్పలేదనుకునేదాన్ని. నిజానికి భయపడి చెప్పలేదు.

అయిదో ఎపిసోడు రోజు ఫోను ఒళ్ళో పెట్టుకుని రికార్డింగు నొక్కి కూర్చున్నాను. మా కండక్టరమ్మాయి ఎగిరిన మరుక్షణం మొదలైంది. ఆ చున్నీ కరెంటు తీగలకి తగులుకుంటే దిక్కెవరని ఒకరు. అంత గాలిలో జుట్టు విరబోసుకుంటే సాయంత్రం చిక్కు ఎవరు తీస్తారని ఇంకొకరు. ఆ డ్రెస్సుకి జేబు లేదు, మరి ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టుకుందని టీచరమ్మ. ఆమె ఎగిరిపోతే బస్సులో టిక్కెట్లు ఎవరు కొడుతున్నారన్నది ముగ్గురి ప్రశ్న. అయిదు ఎపిసోడ్లు రాసిన నాకు ఇందులో ఒక్కటీ తట్టలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

చివరికి ఇంటామె తీర్పు చెప్పింది. "గిది రాసినోడెవడో గని, ఇంట్ల ఆడోళ్ళతోని ఎన్నడన్న మాట్లాడిండా?"

నాకు చెవుల దాకా మండింది. లేచి పైకి పోదామనిపించింది. కానీ సోమవారం గుర్తొచ్చి, వీలైనంత మామూలు గొంతుతో, అయితే ఆ పిల్లకి పెళ్ళి చేసి శక్తులు తీసేస్తారట, అది మీకు ఇష్టమేనా అని అడిగాను. ఛీ, అదేం పని అంటారని నా ధీమా.

"తీసెయ్యమను," అంది ఇంటామె. "గా పిల్ల పొద్దుగాల్ల లేస్తది, డ్యూటీకి పోతది, నడుమ ఎవ్వడు మొత్తుకున్నా ఉరుకుతది. తిన్నవా అని అడిగినోడు ఒక్కడు లేడు. శక్తి వచ్చి దానికేం ఒరిగింది? పని రెండింతలైంది. పోతే పీడ పాయె, జర కూసుంటది."

మిగతా ఇద్దరూ పాపం పాపం అన్నారు. వారం వారం తగ్గిపోతున్న ఆడవాళ్ళు విసుగుపుట్టి మానలేదు, ఆ పిల్ల అవస్థ చూడలేక మానేస్తున్నారని నాకప్పుడు అర్థమైంది. నాకు కోపం చల్లారి సిగ్గేసింది. అయిదు వారాల్లో నేనామెని ఒక్కసారైనా కూర్చోనివ్వలేదు.

మరి మీకే ఎగరడం వస్తే ఏం చేస్తారని అడిగాను. ఇది రికార్డింగు కోసం కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది. జాకెట్లావిడ సముద్రం చూసొస్తానంది. ఇంతవరకూ చూడలేదట. టీచరమ్మ తిరుపతి వెళ్ళి, క్యూలో నిలబడకుండా పైనుంచే దర్శనం చేసుకుంటానంది. గోపురం మీదుగా ఎగరడం అపచారమని జాకెట్లావిడ పట్టుబట్టింది. దిగి నడవచ్చా, దిగితే మళ్ళీ క్యూయేనా అని పావుగంట వాదించుకున్నారు. ఇంటామె ఆ గొడవలో కలగజేసుకోలేదు.

"నేనైతే ఏడికీ పోను," అంది తర్వాత. "ఊకె పైకి పోత. కింద ఎవ్వరు పిలిచినా ఇనబడనంత పైకి. ఆడ్నే ఉంట కొద్దిసేపు." నా వైపు తిరిగి, "మరి నువ్వు చెల్లె?"

అయిదు వారాలుగా ఎగిరే ఆడదాని గురించి రాస్తున్న మనిషిని. తడుముకోవాల్సిన పనే లేదు. నా నోటి నుంచి వచ్చింది ఇదీ: "ఆఫీసుకి. యూసుఫ్‌గూడ ట్రాఫిక్ తప్పుతుంది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఇంటామె నవ్వలేదు. నన్ను కాసేపు చూసి, అన్నం తిన్నావా అని అడిగింది. ఇంకా లేదన్నాను.

సోమవారం ఆ రికార్డింగులో ఒక్క ముక్క కొయ్యకుండా పట్టుకెళ్ళాను. తీసెయ్యమన్న మాట కోసేస్తే నా పని గట్టెక్కేది, ఎడిటర్ చేసిపెడతానన్నాడు కూడా. కానీ కృష్ణానగర్‌లో ఒకసారి నన్ను నేను మోసం చేసుకున్నది చాలనిపించింది. ఛానల్ ఆయనా దర్శకుడూ కూర్చుని మొత్తం విన్నారు. తాళంచెవి దగ్గర దర్శకుడు నవ్వాడు. తీసెయ్యమను అన్నచోట ఛానల్ ఆయన నా వైపు చూసి తలాడించాడు, నేను చెప్పానుగా అన్నట్టు. ఆపమంటాడనుకున్నాను, అనలేదు. సముద్రం, తిరుపతి, ఇంటామె మాట, చివర్న నా ఆఫీసు, అన్నీ వచ్చాయి.

"నేనూ ఆఫీసుకే వస్తానండీ," అన్నాడు ఛానల్ ఆయన.

దర్శకుడు తన చేతులకేసి చూసుకుంటూ, తనైతే మొదటి ఆటకి వెళ్ళి హాలు మీద తిరుగుతూ టాక్ వింటానన్నాడు. జూబ్లీ హిల్స్‌లో ఏసీ గదిలో కూర్చుని ఊరికి శక్తులు పంచే ముగ్గురం. తీరా మాకే ఆ శక్తి వస్తే, పనికి తప్ప ఇంకెక్కడికి వెళ్ళాలో ఒక్కరికీ తెలీదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, నవ్వూ వచ్చింది.

ఛానల్ ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "పెళ్ళి ఆపెయ్యండి. ఆ అమ్మాయినైనా ఎక్కడికైనా పోనివ్వండి. ఇంకో ఆరు వారాలు చూద్దాం," అన్నాడు. ఏడో ఎపిసోడులో ఎవరినీ కాపాడక్కర్లేదా అని దర్శకుడు అనుమానంగా అడిగితే, అక్కర్లేదన్నాను నేను.

మెట్లు దిగుతూనే ఇంటామెకి ఫోన్ చేశాను. వెనక గిర్ని హోరు. ఆ సీరియల్ రాసేది నేనేనని, మొన్న ఆమె అన్న మాట ఆ పిల్ల కోసం వాడుకుంటానని, ఒప్పుకుంటేనే రాస్తానని చెప్పాను. గిర్ని ఆగింది.

"అంటే గిన్ని దినాలు నేను తిట్టింది నిన్నా?"

"నన్నే అక్కా."

"మంచిగైంది. ఎదురుంగనే తిట్టిన. రాస్కో. గని ఒక్క మాట చెల్లె. పైకి పంపినంక దాన్ని జల్ది దింపకు."

దింపనన్నాను. గిర్ని మళ్ళీ మొదలైంది.