‘యాడ’ తీసేసిన రోజు

హైదరాబాదులో ఉన్న ఇద్దరు సంపాదకులకు నా నవల గురించి వీడియో కాల్‌లో చెప్పుకోవడానికి పది నిమిషాలు దొరికాయి. ఆరేళ్లు రాసినది పది నిమిషాల్లో చెప్పి ఒప్పించాలి. ఇక్కడే పుదుచ్చేరిలో, లాస్‌పేటలో ఉండే స్నేహితురాలి సాయం అడిగాను. ఆమె ఉద్యోగం మీద యానాం నుంచి వచ్చింది. ఆమెది పుస్తకాల్లో కనిపించే తెలుగు.

మొదటి అధ్యాయం చదివి పెదవి విరిచింది. “అందరూ యాడ, యాడ అంటున్నారేంటండీ? మొదటి పేజీలోనే పక్కన పడేస్తారు. మార్చేయండి.”

మార్చేశాను. ‘యాడ’ ఉన్న చోటల్లా ‘ఎక్కడ’ పెట్టమని కంప్యూటర్‌కు చెప్పాను. ఒక్క మీట నొక్కితే అయిపోయింది. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను కూడా.

మర్నాడు ఉదయం ముత్తియాల్‌పేటలో మా పిన్ని నడిపే గిన్నెల అంగడికి వెళ్లి, ఆమెకు చదివి వినిపించాను. పిన్నికి తెలుగు చదవడం రాదు, తమిళమే చదువుతుంది. ఇంట్లో మాట మాత్రం తెలుగే. నా నవలలో సగం మాటలు ఆమె నోటి నుంచి ఎత్తుకొచ్చినవే. కథలో ముసలాయన చనిపోయే చోటికి వచ్చేసరికి, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు “చనిపోఎక్కడు” అని చదివాను. ‘పోయాడు’లో దాక్కున్న ‘యాడ’ను కూడా కంప్యూటర్ వదల్లేదు!

పిన్ని పడీ పడీ నవ్వింది. “యాడికి పోయినాడో రాసినదానివి నీకే తెలీదా?” అంది. కాసేపటికి నవ్వు ఆపేసింది. “పోయినసారి నువ్వు చదివినప్పుడు మనోళ్లు మాట్లాడినట్టే ఉండె. ఇప్పుడు టీవీలో వార్తలు చదివినట్టుంది. ఏందిమా, మేమంటే సిగ్గా నీకు?”

సిగ్గే. అబద్ధమెందుకు? ఒళ్లు మండిపోయింది, ముందు నా మీద, తర్వాత వాళ్లందరి మీద. ఏ ఊరి తెలుగైనా తెలుగే అని సభల్లో చప్పట్లు కొట్టేవాళ్లకు మా ఊరి తెలుగు మాత్రం అచ్చుతప్పులా కనబడుతుందా?

ఇంటికొచ్చి పాత ప్రతి తెరిచాను. సంపాదకులకు చెప్పాలనుకున్న మొదటి వాక్యాలు కొట్టేసి, కొత్తవి రాసి, స్నేహితురాలికి ఫోన్‌లో వినిపించాను: “ఇది పుదుచ్చేరి తెలుగువాళ్ల నవల. ఇందులో ఒక్క మాట కూడా మార్చను. అర్థం కాకపోతే అడగండి, చెబుతాను.”

“అలా మొదలెడితే వద్దంటారండీ” అంది.

“అననీండి. తెలుగు చదవను రాని మా పిన్నికి అర్థమయింది. చదువుకున్నోళ్లకి కాకుంటే తప్పు నాది కాదు.”