నిద్రించాడన్న మాట

అత్తిలి దగ్గరి ఆ పేటలో మొట్టమొదట మిలట్రీలో చేరింది విశ్వాసం గారే. చదివింది ఊరిబడిలో ఆరో తరగతి. అయినా హిందీ నేర్చారు, పంజాబీ నేర్చారు. తాడులాగుడు పోటీలో రెజిమెంటుకు కప్పు తెచ్చిన జట్టులో తాడు కొస నడుముకు చుట్టుకుని నేలకు పాతుకుపోయిన మనిషి ఆయనే. సిపాయిగా వెళ్ళి నాయబ్ సుబేదారుగా తిరిగొచ్చారు. వచ్చి ఊరుకున్నారా? చర్చికి గంట పెట్టించారు, పేటలోకి తారురోడ్డు వేయించారు, కుర్రాళ్ళను చీకటితో లేపి కాలవగట్టున పరుగెత్తించి మిలట్రీకి, పోలీసుకి పంపారు. ఇవన్నీ ఆయన నోటితో ఆయనే చెప్పుకుంటారు. చేసినవాడు చెప్పుకుంటే తప్పేముంది? అన్నిటికంటే గొప్పగా చెప్పుకునేది మాత్రం వేరే. సర్వీసు మొత్తంలో సెంట్రీ డ్యూటీలో ఆయన కన్ను మూతపడలేదు.

"సెంట్రీ కునికితే వాడొక్కడే పోడండీ, వాణ్ణి నమ్మి పడుకున్నవాళ్ళంతా పోతారు. అంతకన్నా పాపం మిలట్రీలో లేదు" అనేవారు.

కొడుకు జేమ్స్ కూడా అదే రెజిమెంటులో చేరాడు. ఉత్తరాన సరిహద్దు కొండమీద సెంట్రీగా ఉండగా మంచుచరియ విరిగి పడింది. చరియ కదిలిన చప్పుడు ముందుగా విన్నది జేమ్సే. గట్టిగా అరిచాడు. ఆ అరుపుకు లేచి గుడారంలోంచి ఇద్దరు బయటపడ్డారు. జేమ్స్ బయటపడలేదు. శవపేటిక జెండా కప్పుకుని వచ్చింది. మూత తీయకూడదన్నారు. తుపాకులు పేల్చి గౌరవం చేశారు. రావలసిన సొమ్ము, పింఛను కోడలికి అందాయి. ఇక ఒక్కటే మిగిలింది. పేట హైస్కూలుకు జేమ్స్ పేరు పెట్టాలి. దానికోసం విశ్వాసం గారు మెడల్సు పెట్టుకుని తిరగని ఆఫీసు లేదు. మూడేళ్ళయింది.

ఇంట్లో భార్య సుగుణమ్మ ఇంకో లోకం. కడసారి మొగం చూడని బిడ్డను ఆవిడ పోయినవాళ్ళలో కలపలేదు. విశ్వాసులు చనిపోరు, ప్రభువునందు నిద్రిస్తారు. చర్చిలో అందరూ అనే మాటే. అందరికీ అది మర్యాద, ఆవిడకు మాత్రం ఊపిరి. పరామర్శకొచ్చిన సొంత చెల్లెలు నోరుజారి "చచ్చిపోయిన పిల్లోడు" అంటే, కంచం ముందునుంచి లేపేసింది.

"ఆ మాట నా గుమ్మం లోపల వద్దమ్మా. పిల్లోడు పడుకున్నాడు. ప్రభువు వచ్చి లేపుతాడు."

అప్పటినుంచి విశ్వాసం గారి నోట కూడా అదే మాట అలవాటైపోయింది.

ఒకరోజు ఫోనొచ్చింది. తాడేపల్లిగూడెంలో అమరజవాన్ల కుటుంబాలకు సన్మానసభ, స్కూలు పేరు కూడా ఆ సభలోనే ప్రకటిస్తారట. ఏర్పాట్లు చూసే నిరంజన్ అనే కుర్రాడు వివరాలు అడిగాడు.

"మీ అబ్బాయి ఎలా చనిపోయాడండీ?"

పక్కనే సుగుణమ్మ బియ్యం ఏరుతోంది. విశ్వాసం గారు గొంతు సవరించుకుని, "కొండమీద సెంట్రీ డ్యూటీలో ఉండగా నిద్రించాడు బాబూ. మంచుచరియ పడింది" అన్నారు.

"సరేనండీ, రాసుకున్నానండీ" అన్నాడా కుర్రాడు.

సభనాడు కల్యాణమండపం నిండిపోయింది. సుగుణమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది. విశ్వాసం గారి పక్కన నేవీలో చేసి రిటైరైన పాండురంగారావు.

"ఏవండోయ్ సుబేదారు గారూ, ఇవాళ మీ మీసం సీలింగుకు తగిలేలా ఉందే!"

"తగలనీయండి. మీ నేవీవాళ్ళకు మీసమే లేదు కదా, మీకెందుకండీ ఏడుపు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో మైకులో నిరంజన్ చదివాడు.

"అత్తిలి మండలం జవాను జేమ్స్. కాపలా విధుల్లో ఉండగా నిద్రించి, మంచుచరియ కింద పడి మరణించారు."

హాల్లో గుసగుస లేచింది. వెనక వరసలన్నీ మాజీ సైనికులే. "కాపలాలో నిద్రపోయాడా? వీడికి సన్మానమేంటండీ?" అని ఒకాయన. "బడికి ఈ పేరు పెడితే పిల్లలు క్లాసులో గుర్రు పెడతారు" అని ఇంకొకాయన. ఎవరో కిసుక్కుమన్నారు. పాండురంగారావు చటుక్కున తల దించుకున్నాడు.

విశ్వాసం గారు లేచి వేదికెక్కి మైకు పట్టుకున్నారు.

"అయ్యా, పొరపాటండీ. నిద్రించాడంటే మా సంఘంలో వాడే మాట. ప్రభువునందు నిద్రించడం అంటే..."

"అంటే నిద్రపోయినట్టేగా!" అని వెనకనుంచి అరిచారు. ఈసారి నవ్వు గట్టిగానే వినపడింది.

వేదికమీది ఆఫీసరు మంచివాడే. వంగి మెల్లగా అడిగాడు. "పెద్దాయనా, వీళ్ళందరికీ అర్థమయ్యేలా ఒక్క మాట చెప్పండి. మీ అబ్బాయి నిద్రపోయాడా, లేదా?"

విశ్వాసం గారు ముందువరసకేసి చూశారు. సుగుణమ్మ చేతులు జోడించి ఆయన్నే చూస్తోంది. వద్దని తల ఊపుతోంది.

వెనక్కి తిరిగితే కొడుకు పేరు శాశ్వతంగా నవ్వులపాలు. నోరు తెరిస్తే ఆవిడకు కొడుకే లేడు.

"లేదండీ" అన్నారు. గొంతు పెరేడు గ్రౌండులో ఆర్డరిచ్చినట్టు వచ్చింది. "నా కొడుకు నిద్రపోలేదు. మెలకువగా ఉన్నాడు. ఉన్నాడు కాబట్టే అరిచాడు, ఇద్దరు బతికారు. వాడు చచ్చిపోయాడు. నిలబడి, కళ్ళు తెరుచుకుని చచ్చిపోయాడండీ."

హాలంతా లేచి నిలబడింది. పాండురంగారావు సెల్యూట్ కొట్టాడు. నిరంజన్ వచ్చి కాళ్ళమీద పడబోయాడు. స్కూలుకు జేమ్స్ పేరు ఖాయమని ఆఫీసరు ప్రకటించాడు. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. ముందువరసలో సుగుణమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

బస్టాండులో బెంచీమీద దొరికింది. విశ్వాసం గారు పక్కన కూర్చున్నారు.

"వాణ్ణి తప్పుడువాడంటుంటే ఎలా ఊరుకోను సుగుణా?"

"ఊరుకోమన్లేదండీ" అందావిడ నెమ్మదిగా. "వాణ్ణి మంచు చంపిందన్నారు, నేను నమ్మలేదు. పెట్టె తెచ్చారు, నమ్మలేదు. మీరు చెప్పారు. మీరు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు కదండీ."

బస్సొచ్చింది. ఎక్కారు. ఇంటికొచ్చి ఆవిడ పెరట్లో కూలబడి, మూడేళ్ళ కిందట ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చాపలు తెచ్చుకుని చుట్టూ కూర్చున్నారు, శవం లేచిన ఇంట కూర్చున్నట్టు.

నాలుగు నెలలకు స్కూలు గేటుమీద పేరెక్కింది. 'వీరమరణం పొందిన' అని పెద్ద అక్షరాలు. శనివారం పూట విశ్వాసం గారు నిచ్చెన వేసుకుని దాని దుమ్ము తుడుస్తారు. అటుగా పోయే కుర్రాళ్ళకు రెజిమెంటు సంగతులు చెబుతారు. సుగుణమ్మ ఇప్పుడు చర్చికి స్కూలు ముందునుంచి వెళ్ళదు. వానాకాలమైనా సరే, మోకాలి నొప్పితో, బురదలో, కాలవగట్టు చుట్టు తిరిగి పోతుంది.