పసుపు తాడు

టొరంటో చూడ్డానికి వచ్చిన ఐదు నెలలూ మా అమ్మాయి చెయ్యి పట్టుకునే బస్సెక్కాను. మొన్న ఇద్దరం మార్కమ్ వెళ్తుంటే రాజమండ్రి ఆవిడ ఒకరు పక్కన కూర్చున్నారు. అడిగి తెలుసుకున్నాను: నాకంటే నాలుగేళ్లు పెద్ద, వచ్చి రెండు నెలలే.

"ఒక్కరే తిరుగుతున్నారా? దారి తప్పితే?"

"తప్పితే ఇంకో బస్సండీ. బస్సులకేం కరువా?" అంటూ కిటికీ పక్కనున్న పసుపు తాడు లాగారు. గంట మోగింది. అంత పెద్ద బస్సూ ఆవిడ కోసం ఆగి, దిగడానికి వీలుగా ఒక పక్కకి వంగింది. దిగుతూ "థాంక్యూ బాబూ!" అని డ్రైవరుకి కేకేశారు.

నాకు ఒళ్లు మండింది. బస్సు కదలగానే నేనూ లాగాను.

"అమ్మా, మనకింకా మూడు స్టాపులున్నాయి!"

"నాకు లెక్క రాదా? దిగు."

డ్రైవరుకి ఆవిడకంటే గట్టిగా థాంక్యూ చెప్పాను.