భోగిలో పడిన మంచం

విరిగిన పీటో, చివికిన చేటో కనిపిస్తే మా అమ్మ పారెయ్యనిచ్చేది కాదు. "భోగికుంచండి" అనేది. మండువేసవిలోనైనా సరే, అదే మాట! ఉద్యోగం దొరక్క మా ఇంట్లో కూర్చున్న మావయ్యని, అంటే తన సొంత తమ్ముణ్ణి, "నిన్నూ భోగికుంచాల్రా" అని ఆటపట్టించేది.

నాన్నకి భిలాయి స్టీలు ప్లాంటువాళ్ళు సెక్టర్ ఆరులో క్వార్టరు ఇచ్చినప్పుడు అమ్మకి హిందీ ముక్క రాదు. పక్క క్వార్టరు దీదీ ఛత్తీస్‌గఢీ మనిషి, ఆవిడకి తెలుగు రాదు. అయినా మధ్యాహ్నాలు ఇద్దరూ మెట్ల మీద బియ్యం ఏరుకుంటూ ఏటి మాట్లాడుకునేవారో, ఆ నవ్వులేటో! నాన్న ప్లాంటు డ్యూటీకి పోతే అమ్మకున్న తోడు ఆవిడొక్కతే.

ఓ ఏడాది భోగి ముందురోజు దీదీ, కొత్త తాడు అల్లుకోడానికని పాత తాళ్ళు విప్పేసి మంచం చట్రాన్ని పెరట్లో నిలబెట్టింది. మా విజయనగరం వైపు ఆ రాత్రి బయటున్న కర్రంతా భోగిదే. పోగొట్టుకున్నవాళ్ళు కాసేపు తిట్టుకుని, వాళ్ళే వచ్చి చలి కాగుతారు. మావయ్యకి ఆ చట్రం పనికిరానిదిలా కనిపించింది. తెల్లారకుండానే మంటలో వేసేశాడు.

దీదీ వచ్చి చూసి గొల్లుమంది. చచ్చిపోయిన వాళ్ళమ్మ మంచమది! సగం కాలిన కోడొకటి బయటికి లాక్కుంది. "భోగిలో పడ్డది అడక్కూడదు" అన్నాడు మావయ్య, ఇంకా నవ్వుతూనే.

"నోర్ముయ్యరా! ఆవిడకేటి తెలుసు మన భోగి?" అని అమ్మ అరిచేసరికే దీదీ తలుపేసుకుంది.

మా నవారు మంచం పంపితే తిరిగొచ్చేసింది. అమ్మ ఒక్కతే మెట్ల మీద బియ్యం ఏరుకునేది. మావయ్య మీద నాకెంత మండేదో! భోగంటే పాతది వదిలెయ్యడమని అందరూ చెప్తారు. ఏది పాతదో ఎవరి మట్టుకు వాళ్ళు చెప్పుకోవాలి గానీ, పక్కింటాయన కాదు కదా. ఆ తర్వాత "భోగికుంచండి" అన్న మాట అమ్మ నోట రాలేదు.

మరుసటేడు మా వాకిట్లో మంట లేదు. భోగి తెల్లారగట్ల ఎవరో తలుపు కొట్టారు. దీదీ! చేతిలో ఆ కాలిన కోడు. అమ్మకి అందిస్తూ "భోగీ" అంది. ఆవిడ నోట నేను విన్న మొదటి తెలుగు మాట అదే.

అమ్మ ఏడిచేసింది. కోడు గుండెకి హత్తుకుని, "ఇది భోగికి కాదే తల్లీ" అంది. దీదీకి ఏం అర్థమయిందో, అమ్మ భుజమ్మీద చెయ్యేసి లోపలికొచ్చింది. ఇద్దరూ కలిసి ఇల్లంతా వెతికి, మా విరిగిన పీటతో చిన్న మంట వేసుకున్నారు.

ఆ క్వార్టరు ఖాళీ చేసిన రోజు మూటలో అమ్మ మొదట పెట్టుకున్నది ఆ కోడే.