నీలం మందు, మామ్మ సాక్ష్యం

స్పిరిట్‌లో తడిపిన దూది వాసన ముక్కుకి సోకితే చాలు, మా దీవిలో, హాడో పేటలోని మా పాత పోర్టు క్వార్టర్ వంటగది కళ్ల ముందుకొస్తుంది. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ వేసుకునే ముందు ఆ దూది పొట్ట మీద రాసుకుంటాను. రాసుకున్నప్పుడల్లా మా మామ్మ గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఎందుకు పెట్టుకోకూడదో మాత్రం ఎవరూ చెప్పరు.

నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. చెక్క గోడలు, రేకుల కప్పు ఉన్న మా ఇంటి మీద వేసవి వెనకే మొదలైన వాన దాదాపు క్రిస్మస్ దాకా కురుస్తూనే ఉండేది. ఆరని బట్టల ముక్కవాసన, ఎండుకొబ్బరి కమురు వాసన, జెట్టీ వైపు నుంచి వచ్చే చేపల నీచు, అన్నీ కలిసి మా ఊపిరి అయిపోయాయి. విశాఖపట్నం నుంచి ఓడ వచ్చిందంటే కాలనీకి ప్రాణం లేచొచ్చేది, ఉల్లిపాయలు, బెల్లం, చింతపండు, తెలుగు వారపత్రికలు దిగేవి. వానపూట పిల్లలమంతా వరండాలో గవ్వలాట ఆడుకుంటుంటే మామ్మ చేపలపులుసు అన్నం కలిపి, నాకు మాత్రం ముల్లు తీసి ముద్దలు పెట్టేది. నా జడ ఆవిడే వెయ్యాలి, నా పక్కలో ఆవిడే పడుకోవాలి. అమ్మ కన్నా మామ్మే నాకు ఎక్కువ.

మామ్మకి షుగరు. నాన్న స్నేహితుడైన కాంపౌండరు ఒకాయన ఇంట్లోనే పరీక్ష చేసుకోవడం నేర్పాడు. పొద్దున్నే నాన్న స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, మామ్మ డబ్బాలో తెచ్చిన ఒంటేలు దాంట్లో కొన్ని చుక్కలు వేసి, చెక్క పట్టకారుతో పట్టుకుని మంట మీద ఆడించేవాడు. నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఎక్కువ, ఇటుక రంగుకి తిరిగిందంటే కొంప మునిగినట్టే. "అన్నం వండే చోట ఇదేం పనండీ, ఛీ!" అని అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. నాకు మాత్రం ఆ రంగుల కోసం ఎదురుచూడటం సరదాగా ఉండేది.

ఒకసారి జ్వరం వచ్చి మామ్మ సరిగా తినలేదు. వారం పొడుగునా గొట్టం నీలంగానే నిలిచింది. మా చర్చి సంఘంలో ఆడవాళ్ల కూడికలో ఎవరికి మేలు జరిగినా లేచి సాక్ష్యం చెప్పడం రివాజు. మామ్మ లేచి, "నా ప్రభువు నా చక్కెర తీసేశాడమ్మా" అంది. హల్లెలూయలతో రేకులు అదిరిపోయాయి. ఆదివారం పాస్టరుగారు అందరి ముందూ ఆ మాట చెప్పారు. ఊరవతల సిప్పీఘాట్ నుంచి కూడా మనుషులు మామ్మ చేత ప్రార్థన చేయించుకోవడానికి వచ్చారు. అన్న మాట వెనక్కి ఎలా తీసుకుంటుంది? జ్వరం తగ్గి మళ్లీ తినడం మొదలెట్టాక ఆవిడ డబ్బా నా దగ్గరికి వచ్చింది.

"ఇందులో పొయ్యవే చిట్టితల్లీ. నీదీ నాదీ ఒకే నెత్తురు కదా. ఎవరికీ చెప్పకే, కిసీకో మత్ బోలో, ఆఁ?"

మామ్మకీ నాకూ ఒక రహస్యం ఉందని నేను ఎంత మురిసిపోయానో!

క్రిస్మస్ వచ్చింది. నూనెలో వేయించిన గులాబీ పువ్వులు, కజ్జికాయలు, కొబ్బరి లౌజు, రాత్రిళ్లు ఇంటింటికీ పాటలు. పండగ మర్నాడు గొట్టం ఇటుక రంగుకి తిరిగింది.

"అరే, యే క్యా హో గయా? ఏం తిన్నావమ్మా?" అన్నాడు నాన్న, ముఖం పాలిపోయి.

"శోధన రా నాయనా. ప్రార్థన చేస్తాలే" అంది మామ్మ.

మర్నాడు మళ్లీ నీలం. ఇంటిల్లిపాదీ మోకరించి స్తుతించాం. కానీ ఆ రోజు నుంచి మామ్మ నన్ను డబ్బా అడగలేదు. పక్క క్వార్టర్లోని బెంగాలీవాళ్ల పాప మీనూ, "తేరీ దాదీ ఇప్పుడు నా దగ్గర తీసుకుంటోంది" అని గొప్పలు పోతే నేను కుళ్లుకుని ఏడ్చాను.

తర్వాత నాకు దాహం పట్టుకుంది. ఎన్ని నీళ్లు తాగినా తీరదు, ఎంత తిన్నా ఒంటికి పట్టదు, గౌను భుజాల మీంచి జారిపోయేది. అమ్మ నులిపురుగులని మందు పట్టించింది. నేను ఒంటేలుకి వెళ్లిన చోట చీమలు బారులు తీరేవి. అమ్మ చూడకముందే వాటిని నీళ్లు కొట్టి కడిగేసింది ఎవరనుకున్నారు? మామ్మే.

బళ్లో పడిపోతే ఆసుపత్రికి ఎత్తుకెళ్లారు. డాక్టరుగారు నా ఊపిరి వాసన చూసి, ఒంటేలు పరీక్ష చెయ్యాలన్నారు.

"నాది ముందే చూశావుగా నాన్నా, మామ్మ డబ్బాలో. ఎర్రగా వచ్చింది కూడానూ" అన్నాను మూలుగుతూ.

నాన్న వెనక్కి తిరిగి వాళ్లమ్మ వైపు చూశాడు. మామ్మ బైబిలు గుండెకి అదుముకుని, "పండగ మిఠాయిల వల్లనుకున్నాను రా" అంది.

"అనుకుంటే మర్నాటి నుంచి పాపది పట్టడం ఎందుకు మానేశావమ్మా?" అన్నాడు నాన్న.

బతికి ఇంటికొచ్చాను. మామ్మ నా మంచం పక్కన కూర్చుని, "ప్రభువు నన్ను క్షమించాడే. నువ్వు క్షమించవా?" అని అడిగింది.

"ఆయనకి మేకులు ఒక్కసారే కొట్టారు మామ్మా. నాకు రోజూ సూదే" అన్నాను. ఆ మాట ఇవాళ కూడా వెనక్కి తీసుకోను.

ఇంటి పరువు పోతుందని నాన్న ఈ సంగతి బయటపెట్టలేదు. మామ్మకి చాటుగా మాత్రలు మింగించాడు. ఆవిడ నిండు గౌరవంతో పోయింది.

ఇప్పుడా చెక్క క్వార్టర్లు లేవు, వంటింట్లో ఒంటేలు కాచే ఇళ్లూ లేవు. వేలి మీద ఒక్క రక్తపు బొట్టుతో అంకె తెలిసిపోతోంది. మామ్మ సాక్ష్యం మాత్రం సంఘంలో చెక్కుచెదరలేదు. మొన్న ఆదివారం, నేను సంచిలోంచి ఇన్సులిన్ తీస్తుంటే పక్కనున్న ముసలావిడ జాలిగా నా చెయ్యి నిమిరింది.

"మీ మామ్మకున్న విశ్వాసంలో ఆవగింజంత నీకుంటే, ఈ రోగం ఏనాడో పోయేదే తల్లీ" అంది.