నలభైకి వెంట్రుకవాసి తక్కువ

డెబ్బైల్లో నాంపల్లిలోని ఒక ఆఫీసులో నేను అటెండర్ని. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని, సొంతంగా చదివి గుమాస్తా ప్రమోషన్ పరీక్ష రాశాను. నలభై మార్కులొస్తే పాస్. ఆ సంవత్సరమే, పాయింట్లతో సహా ఉండే మార్కులు కూడే పని కంప్యూటర్‌కి అప్పగించారు. నాకు ముప్పైతొమ్మిది వేసింది. చేత్తో వేస్తే సరిగ్గా నలభై!

కంప్యూటర్ నడిపే యాదగిరిని నిలదీశాను.

“అన్నా, మనం రాసింది మిషిన్ భాషలకు మార్చే కంపైలర్ ఉంటది. పని జల్దీ కావాలని దాని సెట్టింగ్ మార్చిన్రు. దాంతోని కంపైలర్ కూడికల వరస మార్చింది. వరస మారితే పాయింట్ల లెక్కల మిషిన్‌కు వెంట్రుకంత తేడా వస్తది. నీది ముప్పైతొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిదికి పడ్డది. పాయింట్ తర్వాతదంత కొట్టేసిన్రు” అన్నాడు.

పాత సెట్టింగ్‌తో మళ్లీ నడిపితే నలభై వచ్చింది. ఆ కాగితంతో ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన తప్పు ఒప్పుకున్నాడు కూడా.

“లిస్టు గోడకెక్కిందయ్యా. ఇప్పుడు మారిస్తే కొత్త కంప్యూటర్ పరువేం కావాలి? వచ్చే ఏడు రాయి.”

“వచ్చే ఏటికి నా వయసు దాటిపోతది సార్!”

“దానికి నన్నేం చెయ్యమంటావ్?”

అటెండర్‌గానే రిటైరయ్యాను. యంత్రాన్ని మాత్రం నేనేనాడూ తిట్టలేదు. మళ్లీ లెక్క వెయ్యమంటే అది వేసింది.